అమ్మోగారి భయాల పుస్తకం

మా అమ్మోగారికి భయం. దేనికని మాత్రం అడక్కండి, చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. పోనీ దేనికి భయం లేదో అడగండి, ఒక్క ముక్కలో చెప్తాను: నాకు తెలియదు. ఆయన కింద పనిచేసిన పదకొండేళ్ళలో అలాంటిదేదీ నా కంట పడలేదు.

ఆయన అసలు పేరు మ్యూజియం జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. తలుపు చప్పుడైతే "అమ్మో!" ఫోను మోగితే "అమ్మో!" మోగకపోతే, "ఇంతసేపు మోగలేదేంటి, అమ్మో!" అందుకని పెద్దమేడమ్ దగ్గర్నుంచి తాళాలు చూసే తాత దాకా అందరికీ ఆయన అమ్మోగారే అయిపోయారు. ఎదురుగా అలా పిలిస్తే కోప్పడరా అని నేను చేరిన రోజున తాతని అడిగాను.

"కోప్పడాలంటే ధైర్యం ఉండాలి కదే మనవరాలా," అన్నాడు తాత.

మా మ్యూజియం మూడో అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమ పక్క గది ఆయనది. ఒక ఇనప తలుపు, తెరవడం ఎవరికీ గుర్తులేని ఒక కిటికీ, గోడ పొడుగునా చెక్క బీరువా. ఆ బీరువా నిండా ట్రేలు, ట్రేల నిండా రెండు వేల ఏళ్ళనాటి రోమన్ల వెండి నాణేలు. ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి నిమిషంలోనే నా మీద విచారణ మొదలైంది.

"అమ్మాయ్, పొద్దున్న ఏం తిన్నావ్?"

"ఉడకబెట్టిన గుడ్డండి."

"అమ్మో!" అని ఆయన మూడడుగులు వెనక్కి వేసి బీరువాకి అడ్డంగా చేతులు చాపారు. నేను గుడ్డు తిన్నానన్నానో, గుడ్డలు చింపుకున్నానన్నానో నాకే అనుమానం వచ్చింది. "గుడ్డులో గంధకం ఉంటుంది తల్లీ. గంధకం సోకితే వెండి నల్లబడుతుంది. రెండు వేల ఏళ్ళు మట్టిలో పడుండి బతికి బయటపడ్డ నాణెం, చివరికి నీ గుడ్డు వల్ల మొహం మాడ్చుకోవాలా?"

గుడ్లే కాదు, రబ్బరు బ్యాండ్లూ నిషేధమే, వాటిలోనూ గంధకం ఉంటుందట. వేలికి ఉంగరం ఉండకూడదు. కాళ్ళకి గుడ్డ చెప్పులు వేసుకోవాలి. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి. అన్నిటికంటే ముఖ్యం, ట్రే ముందు నిలబడి మాట్లాడకూడదు, ఉమ్మి తుంపర పడుతుంది. మాట్లాడాలంటే మొహం పక్కకి తిప్పుకోవాలి. ఆయన గోడకి చెప్పేవారు, నేను తలుపుకి జవాబిచ్చేదాన్ని. కొత్తగా వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, పాపం వీళ్ళిద్దరికీ మాటల్లేవేమో అనుకునేవాళ్ళు.

బల్ల కింద ఒక బొంత ఉండేది. ఇంట్లో పాతబడిన బొంతని ఆయనే మోసుకొచ్చి పరిచారు. నాణెం జారిపడితే దెబ్బ తగలకూడదని. బల్ల నాలుగు పక్కలా మూరెడు బయటికి ఉండేలా పరిచిన ఆ బొంత అంచు తగిలి మేము రోజుకోసారైనా తూలేవాళ్ళం. మనుషులకి దెబ్బ తగిలినా ఫర్లేదా అని తాత అడిగితే, "మనుషులకి మందు ఉంది కదయ్యా," అన్నారు.

ఇంతకీ ఆయన మాత్రం ట్రే ముట్టుకునేవారు కాదు. చేతులు వణుకుతాయని తెలిసిన రోజు నుంచి, అంటే నేను చేరడానికి పన్నెండేళ్ళ ముందు నుంచీ, బీరువాలోంచి ట్రే తీసే పని మిగతావాళ్ళదే. అదీ ఇద్దరు కలిసి. ఒకరు ట్రే పట్టుకోవాలి, ఇంకొకరు కింద చేతులు పెట్టుకుని పక్కపక్కనే నడవాలి. ఆయన ముందు వెనక్కి నడుస్తూ "అమ్మో, అమ్మో, మెల్లిగా" అంటూ దారి చూపేవారు. వెనక్కి నడిచే మనిషి దారి ఎలా చూపిస్తాడో ఆయనకే తెలియాలి.

ఒక రోజు మూడో ట్రేలో ఇరవై ఏడో గుంట చూపించి, "ఇదిగో అమ్మాయ్, నా ఇష్టదైవం," అన్నారు, గోడ వైపు తిరిగి.

బొటనవేలి గోరంత నాణెం. నాలుగు గ్రాములు కూడా తూగదు. దాని మీద ఒక మగమనిషి తల. ఎముకలు తేలిన చెంపలు, గడ్డం, ఎదురుగాలికి లేచినట్టు వెనక్కి ఎగిసిన జుట్టు, విప్పారిన కన్ను, మెడ చుట్టూ గొలుసు.

"ఎవరండీ ఈయన?"

"భయం."

"ఆఁ?"

"భయమేనమ్మా. పాత పండితులు దీన్ని భయదేవుడి మొహం అన్నారు. ఇప్పటివాళ్ళు కాదు, యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీ అంటున్నారు. ఎవరైతేనేం, ఆ కన్ను చూడు, భయం కాకపోతే ఇంకేంటి? యుద్ధం మధ్యలో కొంప మునిగేలా ఉందని రోమన్ల రాజొకడు భయానికి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడట. ప్రపంచాన్ని గడగడలాడించినవాళ్ళే భయానికి దణ్ణం పెట్టారు. నేనెంత చెప్పు?"

నాణెం వెనక వైపు రెండు గుర్రాల రథం ఉంది. తోలేవాడు ముందుకి వంగి గుర్రాలని అదిలిస్తున్నాడు. వాడి వెనక ఈటె, డాలు పట్టుకున్న యోధుడు మాత్రం వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"బుద్ధిమంతుడంటే వాడూ. రథం ఎటు పోతే నాకేంటి, వెనక ఎవరొస్తున్నారో చూసుకుంటాను అంటున్నాడు," అన్నారు అమ్మోగారు. అంతటి ఆప్యాయత ఆయన గొంతులో నేను మళ్ళీ వినలేదు.

ఇక పుస్తకం సంగతి. రోజూ పొద్దున్న తలుపు తీయగానే ఆయన చేసే మొదటి పని, చొక్కా జేబంత వెడల్పు ఉన్న ఒక లావుపాటి పుస్తకంలో ఆనాటి భయాలు రాసుకోవడం. ఒకటి, పైకప్పు. రెండు, పైకప్పు మీది పావురాలు. మూడు, పావురాలు లేకపోతే అవి ఎందుకు లేవన్నది. ఇలా పది పన్నెండు అయ్యాక సంతకం చేసి, తేదీ వేసి, బల్ల మీద పెట్టేవారు. నెలాఖరు మీటింగులో పెద్దమేడమ్ ఆ పుస్తకం తెప్పించుకుని అందులోంచి రెండు మూడు అందరికీ చదివి వినిపించేవారు. మేడమ్‌కి దుమ్ము పడదు. పుస్తకం తెరవగానే మూడు తుమ్ములు తుమ్మి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని చదివేవారు.

"'నాలుగు. తనిఖీకి వచ్చే పెద్దమనిషి జేబులో ఉడికిన గుడ్డు ఉండవచ్చు.' అమ్మోగారూ, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా?"

అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు. నవ్వుతూనే తల పైకెత్తి పైకప్పు ఒకసారి చూసుకునేవారు.

నేను నవ్వేదాన్ని గానీ, నిజానికి ఆ గదిలో ఆయన కంటే ఎక్కువ భయపడుతున్నది నేను. నావి జారే చేతులు. అంతకుముందు కళ్ళజోళ్ళ దుకాణంలో చేరి నిలువుటద్దం పగలగొట్టాను. రక్తపరీక్షల ల్యాబులో చేరి గాజు గొట్టాల పెట్టె మొత్తం నేలపాలు చేశాను. రెండు చోట్లా నెల తిరక్కుండానే నమస్కారం పెట్టి పంపేశారు. "ఇది కూడా పోగొట్టుకుంటే నిన్ను దిండ్ల కొట్లో పెడతానే, అక్కడైతే పగలగొట్టడానికి ఏమీ ఉండదు," అంది మా అమ్మ. అనడానికి నవ్వుతూనే అంది గానీ, ఆ రాత్రి పక్కింటావిడతో మా అమ్మాయికి ఈసారి నిలుస్తుంది, దేవుడి దయ అంటుంటే విన్నాను. ఆరు నెలల పరీక్ష ఉద్యోగం. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తర్వాత ఖాయం చేస్తూ పెద్దమేడమ్ సంతకం పెట్టాలి.

సరిగ్గా అప్పుడే వచ్చి పడింది ఏడాది తనిఖీ. మధ్యాహ్నం మూడింటికి పెద్దమేడమ్ స్వయంగా వచ్చి మూడో ట్రే చూస్తారు. ప్రతి గుంటలో నాణెం కింద ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఎవరి నేలలో, ఏ కుండలో, ఎంత బరువు, అన్నీ దాని మీద ఉంటాయి. మా అమ్మోగారి మాటల్లో, "చీటీ పోయిన నాణెం తప్పిపోయిన పిల్ల లాంటిది. మనిషి ఉంటుంది, ఊరు చెప్పలేదు."

ఆ పూట పన్నెండున్నరకి అమ్మోగారు మెట్ల మీద ఎవరైనా నీళ్ళు ఒలికించారేమో చూడ్డానికి వెళ్ళారు. తాత భోజనానికి వెళ్ళాడు. అంతా సిద్ధంగా ఉంచి మెప్పు కొట్టేద్దామని నాకు బుద్ధి పుట్టింది. బీరువా తెరిచాను. మూడో ట్రేని ఒక్కదాన్నే ఎత్తాను. నాలుగడుగులు బాగానే నడిచాను. అయిదో అడుగు బొంత అంచుకి తగిలింది.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది. గలగలమని కాదు, బొంత మీద పడ్డాయి కదా, మెత్తగా, వరసగా, దబ్ దబ్ దబ్ అని. తర్వాత చీటీలు గాల్లో మెల్లిగా తిరుగుతూ దిగాయి. నలభై నాణేలు ఒక పక్క, నలభై చీటీలు ఒక పక్క.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళ ముందు దిండ్ల కొట్టు కనపడింది, గుమ్మంలో నిలబడి ఎదురుచూసే మా అమ్మ కనపడింది. మోకాళ్ళ మీద కూలబడి, చేతికందిన నాణెం అందిన గుంటలో, అందిన చీటీ దాని కింద కుక్కడం మొదలుపెట్టాను. సర్దేసి ఏమీ ఎరగనట్టు కూర్చుందామని. ఆ చక్రవర్తులందరూ, కొప్పుల రాణులందరూ తలలు పక్కకి తిప్పుకుని, దొంగా, దొంగా అంటున్నట్టే ఉంది. మెట్ల మీద గుడ్డ చెప్పుల అలికిడి వినపడింది.

తలుపు తెరుచుకుంది. అమ్మోగారు నన్ను చూశారు. ట్రేని చూశారు. బొంత మీద మిగిలిన చీటీలని చూశారు.

నేను కళ్ళు మూసుకుని ఆ కేక కోసం ఎదురుచూశాను. పావురం ఎగిరితే మూడు అంతస్తులూ దద్దరిల్లేలా అరిచే మనిషి, ఇప్పుడు ఏమైపోతాడో అని. కేక రాలేదు. కళ్ళు తెరిస్తే ఆయన తలుపు గడియ వేస్తున్నారు.

"దెబ్బ తగిలిందా?" అన్నారు.

"లేదండి. బొంత మీదే పడ్డాయి..."

"నాణేల సంగతి కాదమ్మా. నీకు?"

నాకు ఏడుపు ఆగలేదు. బావురుమన్నాను.

"ఏడవకు. కన్నీళ్ళలో ఉప్పుంటుంది. ఆగకపోతే అటు తిరిగి ఏడు," అన్నారు. అని నా పక్కనే బొంత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"మీకు భయం వేయట్లేదా అండీ?" అని అడిగాను, తలుపు వైపు తిరిగి వెక్కుతూ.

"జరగబోయేదానికి భయపడాలి గానీ, జరిగిపోయినదానికి భయపడి ఏం లాభం? చిన్న త్రాసు ఇటు తీసుకురా."

ఆ రెండు గంటలూ నేను చూసిన మనిషి వేరు. నాణేన్ని వేళ్ళతో ఎత్తమని నాకు చెప్పడం, భూతద్దంలో చూడడం, చీటీ అందుకోవడం. "గుర్రాలకి కాళ్ళు లేవు. సుత్తి దెబ్బ పక్కకి పడి అచ్చు జరిగింది. పదకొండో గుంట. ఈయన మెడ లావు, ముక్కు అరిగింది, పందొమ్మిది. ఇదిగో, పాముని తొక్కే ఏనుగు, అంచున కత్తిగాటు. లోపల రాగి ఉందేమోనని ఎవడో వర్తకుడు గాటు పెట్టి చూశాడు. చూశావా, ఆ కాలంలోనూ నాలాంటివాళ్ళున్నారు. ముప్పై మూడు." అనుమానం వస్తే త్రాసు. ముప్పై ఏళ్ళుగా ఏదో అవుతుందని రోజూ భయపడి రోజూ చూసుకున్న మనిషికి ఆ నలభై మొహాలూ సొంత మేనల్లుళ్ళ మొహాల్లా తెలుసు.

రెండుంబావుకి లెక్క చూస్తే ఇరవై ఏడో గుంట ఖాళీ. గదిలో బోలెడంత భయం ఉంది, గుంటలో మాత్రం లేదు. బీరువా కింద వెతికాం, చెప్పుల్లో వెతికాం. చివరికి బొంతకి వేసిన పాత అతుకు ఒక పక్క విడిపోయి ఉంటే, అందులో దూరి కూర్చుంది. ఆయన దాన్ని కళ్ళకద్దుకోబోయి, చర్మానికి తగిలితే జిడ్డు అంటుతుందని ఆగిపోయారు.

అంతా అయిందనుకున్నాను. కాలేదు. ఓడ బొమ్మ ఉన్న నాణేలు రెండు మిగిలాయి. రెండూ ఒకేలా అరిగిపోయాయి, తెడ్లు కూడా సరిగ్గా కనపడవు. చీటీల మీద బరువూ ఒకటే. కానీ ఒకటి పొలం దున్నుతుంటే కుండలో దొరికింది, ఇంకోటి బావి తవ్వుతుంటే దొరికింది. ఏది ఏదో? ఆయన భూతద్దం పెట్టి చూశారు, చూశారు, కన్ను ఎర్రబడేదాకా చూశారు.

"తెలియదు," అన్నారు.

"ఏదో ఒకటి పెట్టేద్దామండీ. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"అలా పెట్టేస్తే ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియకుండా పోతుంది తల్లీ. నాణెం మీద అబద్ధం రాయకూడదు." రెండు చీటీలూ తిరగేసి, వణికే చేత్తో, 'ఇది పొలంలోదో బావిలోదో ఇక చెప్పలేము' అని రాశారు. అంటే మేడమ్‌కి చెప్పక తప్పదు. గడియారంలో మూడుకి అయిదు నిమిషాలుంది. ఈ ఉద్యోగం కూడా అయిపోయిందని నాకు తెలిసిపోయింది.

పెద్దమేడమ్ తాతని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మోగారు ఎదురెళ్ళి, నేను నోరు విప్పేలోపే చెప్పేశారు. "మేడమ్, ఇవాళ ట్రే పడింది. నా చేతిలోంచే జారింది. రెండు నాణేల ఊరు పోయింది. కావాలంటే చూడండి, పొద్దున్నే పుస్తకంలో రాశాను."

మేడమ్ పుస్తకం తెరిచారు. మూడు తుమ్ములు. చదివారు. "'తొమ్మిది. మూడో ట్రే ఎత్తుతూ నేను కాలు తట్టుకుని పడవచ్చు. పడితే తప్పు పూర్తిగా నాదే.'" పేజీ వెనక్కి తిప్పారు. నిన్నా అదే. మొన్నా అదే. తిప్పుకుంటూ పోయారు, వారాలు, నెలలు. ఒక పేజీ దగ్గర ఆగి, ఇంకా మెల్లిగా చదివారు. "'కొత్తమ్మాయి చేరింది. మంచి పిల్ల. చేతులు నిలవడం లేదు. ఈ రోజు నుంచి ట్రే నా చేతిలోంచి జారవచ్చు.'"

ఆ ముందు పేజీలో ఆ మాట లేదు.

అయిదు నెలల ఇరవై ఒక్క రోజులు, రోజూ పొద్దున్నే, నేను చేయబోయే తప్పుని ఆయన తన పేరు మీద రాసి పెట్టుకున్నారు. మీటింగులో నేను నవ్వింది కూడా ఆ పుస్తకాన్ని చూసే. ఊరుకుంటే గండం గడుస్తుంది. అమ్మకి మంచి కబురు చెప్పొచ్చు.

"మేడమ్," అన్నాను. ఎదురుగా ట్రే ఉందన్న సంగతి మరిచిపోయి, మొహం తిప్పకుండానే అన్నాను. "ఆయన కాదండి. నేను. ఒక్కదాన్నే ఎత్తాను. పడేశాను. దాచేద్దామని కూడా చూశాను."

"అమ్మో!" అని కేక పెట్టారు అమ్మోగారు.

పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. ట్రే పడ్డప్పుడు రాని కేక, భయం నాణెం పోయినప్పుడు రాని కేక. "అమ్మో, అలా చెప్పేస్తావేంటే పిచ్చిపిల్లా! మేడమ్, దానికి ఏమీ తెలియదు. కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి. పొద్దున్న గుడ్డు కూడా తినలేదు!"

"అమ్మోగారూ, మీరు ట్రే ముట్టుకుని పన్నెండేళ్ళయింది," అన్నారు మేడమ్. తర్వాత తిన్నగా మూల అలమర దగ్గరికి వెళ్ళి, వెతుక్కోకుండానే, ఆయన పాత భయాల పుస్తకాల వరసలోంచి ఒకటి లాగారు. కాగితం గుర్తు పెట్టి ఉన్న పేజీ తెరిచారు. "ఇది విను అమ్మాయ్. 'ఈ రోజు నాకు తుమ్ము రావచ్చు. త్రాసులోని నాణెం ఎగిరిపోవచ్చు. తప్పు పూర్తిగా నాదే.' నాలుగు నెలలు రోజూ ఇదే ఉంది. తాతా, ఆయన తుమ్మగా ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడమ్. వచ్చినా భయపడి మింగేస్తారు."

"మరి అప్పట్లో ఈ గదిలో తుమ్మే పిల్ల ఎవరు?" అని మేడమ్ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి అన్నారు, "నాణెం ఎగిరిపోయింది, నేను నోరు మూసుకున్నాను అమ్మాయ్. ఆయన మాట పడ్డారు. నువ్వు నా కంటే నయం."

తాతని పంపి నా ఉద్యోగం కాగితం తెప్పించి, జేబులోంచి పెన్ను తీసి, తొమ్మిది రోజులు ముందుగానే దాని మీద సంతకం పెట్టారు. శిక్ష మాత్రం వేశారు. బొంత అతుకు నేనే కుట్టాలి, దాని అంచులు బల్ల కిందికి మడిచి కుట్టాలి. ఆ సాయంత్రం సూదికి దారం ఎక్కిస్తుంటే అమ్మోగారు రెండు గజాల దూరంలో నిలబడి, "అమ్మో, వేలు, వేలు," అంటూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్న నేను ముందే వెళ్ళేసరికి ఆయన అప్పటికే రాసేసి, పావురాలని చూడ్డానికి వెళ్ళారు. పుస్తకం తెరిచి చూశాను. తొమ్మిదో భయం అలవాటుగా రాసి, కొట్టేసి ఉంది. దాని కింద కొత్తది రాసి ఉంది.

"పది. అమ్మాయికి ఉద్యోగం ఖాయమైంది. ఇక ముప్పై ఏళ్ళు ఈ గదిలోనే ఉంటుంది. అమ్మో."